యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 – 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, హెట్రజాన్ వంటి మందులతో ఈయన పేరు ముడిపడి ఉంది. అయితే వీటికన్నా ముందు ఈయనకు పేరు తెచ్చినది ఒక కొలత పద్ధతి.

జీవితం

1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణుడు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ వ్యాధి సోదరుని బలిగొన్నది. 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివాడు.

ఫిస్కే-సుబ్బారావు పద్ధతి

సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఈ పద్ధతిలో ఫాస్ఫేటు ఆమ్ల మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెంది నీలిరంగునిస్తుంది. రంగు గాఢతను బట్టి రక్తమూత్రాలలోని భాస్వరం పరిమాణం తెలుస్తుంది. కండరాల రసంలో మాత్రం రంగు ఆలస్యంగా చిక్కబడసాగింది. దీనిని ప్రయోగదోషంగా కొట్టివేయకుండా వెంటపడగా, అస్థిరమైన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఏటీపీని ప్రకటించారు. ఇంత చేసినా హార్వర్డు ఈయనకు శాశ్వత ఉద్యోగమివ్వలేదు.

ఔషధ పరిశోధన

1940లో లెడర్లీ సంస్థలో చేరి, తరువాత పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. ఈయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. దాని వ్యతిరేకులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు లుకేమియా చికిత్సకు దారితీశాయి. 1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజైన్, బోదకాలు ప్రబలిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు సామూహిక పంపిణీ మాత్రగా సుపరిచితం. ఇది రక్తంలోని సూక్ష్మక్రిములను హరిస్తుంది. ఎప్పటినుండో వాచిన కాలిని మామూలు స్థితికి తేలేదు. 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే మరణించాడు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

నానోపదార్థాలతో కొలత

మెథోట్రెక్సేట్ క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. పెద్ద మోతాదు ఇచ్చినపుడు రక్తంలో మిగిలిన మందును కొలిచి, విరుగుడైన ఫోలినిక్ ఆమ్లం మోతాదు నిర్ణయిస్తారు. ఈ కొలతను చౌకగా, త్వరగా చేయుటకు విద్యుత్ రసాయన సెన్సర్లను పరిశోధకులు రూపొందిస్తున్నారు. కార్బన్ నానోగొట్టాలు గాని బంగారు నానోరేణువులు గాని పూసిన ఎలక్ట్రోడుపై వోల్టేజిని మారుస్తూ పోగా, ఒక స్థాయిలో మందు అణువు ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. అప్పుడు పారే విద్యుత్తే పరిమాణాన్ని తెలుపుతుంది. నానోపూత ఉపరితలాన్ని పెంచి సంకేతాన్ని బలపరుస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్నీ ఇదే విధంగా కొలుస్తున్నారు. అయితే రక్తంలోని యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లను కోల్పోతాయి కనుక వాటి సంకేతాన్ని మందు సంకేతం నుండి వేరు చేయవలసి ఉంటుంది.