చట్టం చదివిన సంజీవయ్య: ఎల్లారెడ్డి కోర్టు దాకా ఒక పాఠం

దామోదరం సంజీవయ్య పేరు వినగానే దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అన్న మాట గుర్తొస్తుంది. ఆ వెంటనే ఆయన నిజాయితీ, సొంత ఆస్తి కూడబెట్టుకోని తీరు గుర్తొస్తాయి. ఏటా ఫిబ్రవరి 14న దండలు వేస్తాం, నాలుగు మాటలు మాట్లాడుకుంటాం. ఆయన లా చదివారన్న సంగతి మాత్రం ఆ ప్రసంగాల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో దళితుల భూముల మీద పరిశోధన చేస్తున్న మేము ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగి ఆయన జీవితాన్ని చూడాలనుకున్నాం.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెద్దపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. ఆ ఇంటికి సెంటు భూమి లేదు. నేతపని, కూలిపనే బతుకు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. కుటుంబం మేనమామ ఊరు పాలకుర్తికి వెళ్లి, కొన్నేళ్లకు మళ్లీ పెద్దపాడు చేరింది. అన్న చిన్నయ్య కూలి చేసి తమ్ముణ్ణి బడికి పంపాడు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తయింది. ఉపకార వేతనం మీద ఆధారపడి అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం చదివి 1942లో బి.ఏ. అయ్యారు.

డిగ్రీ చేతికొచ్చింది గానీ ఉద్యోగం దొరకలేదు. యుద్ధకాలం. కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమస్తాగా, ఆ తర్వాత బళ్లారిలో తాత్కాలిక ఉద్యోగిగా పనిచేశారు. అక్కడ పరిచయమైన ఒక జిల్లా జడ్జి ఆయనను లా చదవమని ప్రోత్సహించారు. అలా మద్రాసు లా కాలేజీలో చేరారు. స్కాలర్‌షిప్ చాలక ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతూ చదువు సాగించి, 1948లో లా పట్టా పుచ్చుకున్నారు. సీనియర్ల దగ్గర పని నేర్చుకుని 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆ రోజుల్లో లా చదివిన ఎవరికైనా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ తప్పదు. లా విద్యార్థులు ఈ రోజుకీ భయపడే సబ్జెక్టు అది. రాజ్యాంగం చదువుతుంటే గుండె ఉప్పొంగుతుంది. ప్రొసీజర్ చదువుతుంటే నిద్రొస్తుంది. దావా ఎక్కడ వేయాలి, సమన్లు ఎలా అందాలి, జవాబు ఎన్ని రోజుల్లో దాఖలు చేయాలి, హాజరు కాకపోతే ఏమవుతుంది, డిక్రీని ఎలా అమలు చేయించుకోవాలి: ఇవే అందులో ఉండేవి. హక్కు ఎవరిదో ఈ కోడ్ చెప్పదు. ఆ హక్కు కోర్టు గడప దాటి లోపలికి ఎలా వెళ్లాలో చెబుతుంది.

సంజీవయ్య వకీలుగా ఎక్కువ కాలం లేరు. 1950లోనే తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రంలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా పనిచేసి, 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు. 1962 మార్చి దాకా, అంటే రెండేళ్లకు కాస్త పైగా ఆ పదవిలో ఉన్నారు.

ఆ కొద్ది కాలంలో చేసిన పనులు చూస్తే లా చదివిన మనిషి చెయ్యి కనిపిస్తుంది. వృద్ధాప్య పింఛను మొదలుపెట్టారు. 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో వేర్వేరుగా నడుస్తున్న చట్టాలను ఒక దారికి తేవడానికి లా కమిషన్ వేశారు. ఈ చివరి పని విలువ కామారెడ్డి వాళ్లకు బాగా తెలియాలి. నిజాం కాలంలో ఇక్కడి కోర్టులు ఉర్దూలో, హైదరాబాద్ సంస్థానం సొంత ప్రొసీజర్ కోడ్ ప్రకారం నడిచాయి. 1908 కోడ్ ఇక్కడికి వచ్చింది 1951 ఏప్రిల్‌లోనే. పదేళ్లలో భాష మారి, కోడ్ మారి, రాష్ట్రమే మారితే, చదువు రాని కూలివాడు ఏ కాయితం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి?

ఇక భూమి. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టిన ఆయన బంజర్లను భూమిలేని పేదలకు పంచే పనిని ముందుకు తోశారు. ఆయన హయాంలో పంచింది ఆరు లక్షల ఎకరాలని చెబుతారు. ఆయన కాలంలోనూ ఆ తర్వాతా ప్రభుత్వాలు పేదలకు ఇస్తూ వచ్చిన ఇలాంటి భూమిని మా దగ్గర లావణి పట్టా అంటారు. ఈ భూములు పేదల చేతుల్లోంచి జారిపోతుంటే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అమ్మకం చెల్లదు, ఇంకొకరి చేతిలో ఉంటే రెవెన్యూ అధికారి వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు ఇప్పించవచ్చు. చట్టం మన వైపే ఉంది.

అయినా భూమి ఎలా పోతోంది? ఎక్కువసార్లు ప్రొసీజర్ దగ్గరే పోతోంది. అవతలివాడు కబ్జాలో తానే ఉన్నానని దావా వేసి 39వ ఆర్డర్ కింద ఇంజంక్షన్ అడుగుతాడు. పట్టాదారుకు సమన్లు వస్తాయి. పట్టా నా పేరు మీదే ఉంది కదా, కోర్టు నన్నేం చేస్తుందిలే అనుకుని, లేదా కూలి పోతుందని, తారీకుకు పోడు. ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. ఈ 30 రోజుల సంగతి చెప్పే మనిషి వాడలో లేకపోతే సంజీవయ్యల పట్టా పెట్టెలో పాత కాయితంగా మిగులుతుంది.

అదే కోడ్‌లో మనకు పనికొచ్చే దారులూ ఉన్నాయి. కోర్టు ఫీజు కట్టలేనివాళ్లు 33వ ఆర్డర్ కింద ఫీజు లేకుండా దావా వేయవచ్చు. ఎదుటివాడు కోర్టుకెళ్తాడని అనుమానముంటే 148-ఎ కింద ముందే కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల నోటీసు ఇవ్వాలని 80వ సెక్షన్ అంటుంది, అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆ నోటీసు లేకుండానే వేయవచ్చు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు.

ఎల్లారెడ్డికి ఇంకో చరిత్ర ఉంది. సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శాసనసభ ఉపసభాపతిగా ఉన్న టి.ఎన్. సదాలక్ష్మిని 1962లో, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయిని 1967లో, 1972లో ఈ నియోజకవర్గమే సభకు పంపింది. చట్టం చేసే చోటికి దళిత ఆడబిడ్డలను పంపిన నేల ఇది. చట్టం అమలయ్యే చోట, అంటే మున్సిఫ్ కోర్టులో, మనవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే ఇప్పుడు అడగాల్సింది.

సంజీవయ్య 1962లో కాంగ్రెస్ జాతీయ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో తొలి దళితుడు ఆయనే. 1964 నుంచి 1966 దాకా కేంద్ర కార్మిక మంత్రి. 1965 బోనస్ చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. 1972 మేలో, 51 ఏళ్లకే, ఢిల్లీలో కన్నుమూశారు. కాంగ్రెస్‌లోనే ఉండిపోయిన ఆయన రాజకీయాలతో అంబేడ్కరైట్లకు పేచీ ఉంది, ఉండాలి కూడా. ఆయన చదువుతో మాత్రం ఎవరికీ పేచీ ఉండనక్కర్లేదు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఈ రోజు ఆయన పేరే ఉంది.

డిచ్‌పల్లిలో, ఉస్మానియాలో, విశాఖలో లా చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సబ్జెక్టును పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయొద్దని మా విన్నపం. సెలవులకు ఊరికొచ్చినప్పుడు వాడలో ఒక్క పూట కూర్చోండి. పట్టాలు, పహాణీలు, సమన్లు తెమ్మనండి. తారీకులు రాసిపెట్టండి. గడువు ఎవరికి ఎన్ని రోజులు మిగిలిందో లెక్కగట్టి చెప్పండి.