భామ జడ వెనుక సిద్ధేంద్రయోగి

కృష్ణానది వరదలో నుండగా ఒక యువకుడు అత్తవారింటికి బయలుదేరెను. బాల్యముననే వివాహమైనది, భార్యను చూచుటకు ఆవలి యొడ్డు చేరవలెను. నడి యేటిలో ప్రాణము మీదికి వచ్చినప్పుడు, బ్రతికి బయటపడినచో శేషజీవితము శ్రీకృష్ణునికే అర్పింతునని సంకల్పించి ఆతురసన్న్యాసము స్వీకరించెను. గట్టెక్కిన పిమ్మట మ్రొక్కు మరచువారు లోకమున పెక్కురు. ఆయన మరువలేదు. సిద్ధేంద్రయోగిని గూర్చి కూచిపూడి పెద్దలు తరతరములుగా చెప్పుకొను కథ యిది. ఆయన 17వ శతాబ్దివాడని పలువురి అభిప్రాయము. ఆ యిల్లాలిని గూర్చి కథకులు చెప్పునది స్వల్పము. కాని ఆ యోగి రచించిన భామాకలాపము ఒక భార్య విరహవేదనయే యగుట గమనింపదగినది.

కూచిపూడి భాగవతుల ఆట ఆయనకు పూర్వమే కలదు. 16వ శతాబ్ది తొలినాళ్లలో వారు విజయనగర ప్రభువు నెదుట ఆడినట్లు మాచుపల్లి కైఫీయతు వలన తెలియుచున్నది. యోగి ఆ ఆటకు క్రొత్త ప్రాణము పోసెను. సత్యభామ దర్పమును, విరహమును, తుదకు శరణాగతిని అభినయించుటకు ఆయన బ్రాహ్మణబాలుర నెన్నుకొనెను. ఆ యూర పుట్టిన ప్రతి మగవాడు జన్మలో ఒక్కసారియైనను భామవేషము కట్టవలెనని ప్రమాణము చేయించెనట. పరమాత్ముడొక్కడే పురుషుడు, జీవులందరు స్త్రీలే యను మధురభక్తికి ఇంతకంటె కఠినమైన పరీక్ష యేమున్నది? మగవాడనను అహంకారమును విప్పి ప్రక్కన పెట్టినగాని ఆ చీర కట్టుటకు వీలులేదు.

అందుకు సాధన యేండ్ల తరబడి సాగెడిది. గురువు కర్రతో తాళము తట్టుచుండగా అడవులు, జతులు. పిదప దరువులు, వాని అర్థము, అభినయము. ఆడువాడే పాడవలెను గనుక ఎంత త్రొక్కినను ఆయాసము గొంతున వినరాకూడదు. అన్నిటికంటె కష్టము ఇదియే.

ప్రదర్శన రాత్రి తెర వెనుక ముఖమునకు అర్దళము పూసి, తేలికకొయ్య నగలు తొడిగి, జడ యల్లుదురు. సూర్యచంద్రులు, నాగము, 27 నక్షత్రములు ఆ జడలో నున్నవని భావన. ఇద్దరు పట్టిన తెర మీదుగా భామ దానిని సభ వైపునకు వేయును. విద్యలో తన్ను గెలిచినవారున్నచో జడ కోసి యిత్తునను సవాలది. దివిటీలపై గుగ్గిలము చల్లగానే మంట భగ్గున లేచును, తెర తొలగును.

గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672–1687) ఈ ఆటకు మెచ్చి గ్రామమును భాగవతుల కిచ్చెనని ప్రతీతి. 20వ శతాబ్దిలో స్త్రీలును భామ పాత్ర ధరించిరి. అయినను వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) జడ పట్టి తెర వెలుపలికి వచ్చినప్పుడు, స్త్రీయే యని భ్రమించిన ప్రేక్షకు లెందరో.