బ్రతికుండగా అందని బహుమతి - క్లైడ్ కోవన్

ఈ ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం వ్రాయమని సంపాదకులు కోరగానే నాకు క్లైడ్ కోవన్ గుర్తుకు వచ్చారు. నేను సైన్సు చదివినవాడిని కాను, సర్వీసంతా పద్దులు సరిచూసిన గుమాస్తాను. అయినా ఈయన కథ మనవంటి వారికి బాగా అర్థమవుతుంది.

కోవన్ 1919 డిసెంబరు 6న అమెరికాలోని డెట్రాయిట్‌లో జన్మించారు. కెమికల్ ఇంజనీరింగు చదివి, రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. 1949లో డాక్టరేటు పొంది లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో చేరారు. 1951లో అక్కడి ఫ్రెడరిక్ రైన్స్‌తో కలిసి ఒక అసాధ్యమైన పని తలకెత్తుకున్నారు. అది న్యూట్రినోను పట్టడం.

రేడియోధార్మిక మార్పులలో శక్తి జమాఖర్చు సరిపోక, ఏదో కంటబడని కణం ఆ తేడాను పట్టుకుపోతున్నదని 1930లో పౌలీ అనే శాస్త్రజ్ఞుడు ఊహించారు. అదే న్యూట్రినో. సూర్యుని నుండి వచ్చేవే మన ఒంటిమీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి. దాదాపు అన్నీ దేనినీ తాకకుండా భూమిని సైతం దాటిపోతాయి. అందుచేత పాతికేళ్లు అది కాగితం మీది పద్దుగానే ఉండిపోయింది.

1953లో హాన్‌ఫర్డ్ అణు రియాక్టరు వద్ద చేసిన ప్రయత్నంలో, ఆకాశం నుండి వచ్చే కాస్మిక్ కిరణాల సందడి వల్ల ఫలితం తేలలేదు. 1955లో దక్షిణ కరోలినాలోని సవానా రివర్ రియాక్టరు వద్ద, భూమికి 12 మీటర్ల లోతున మళ్లీ మొదలుపెట్టారు. కాడ్మియం క్లోరైడు కలిపిన నీటి తొట్లను, కణాలు తగిలితే వెలుగునిచ్చే ద్రవం నింపిన ట్యాంకుల మధ్య అమర్చారు. రియాక్టరు నుండి వచ్చే న్యూట్రినో (సరిగా చెప్పాలంటే ప్రతిన్యూట్రినో) నీటిలోని ప్రోటానును తాకితే పాజిట్రాను, న్యూట్రాను పుడతాయి. పాజిట్రాను వల్ల మొదటి మెరుపు వస్తుంది. లిప్తకాలం తరువాత కాడ్మియం ఆ న్యూట్రానును పట్టినప్పుడు రెండవది వస్తుంది. ఈ జంట మెరుపులే సాక్ష్యం. అవి గంటకు దాదాపు మూడు మాత్రమే!

అయినా తొందరపడలేదు. రియాక్టరు ఆపి చూశారు, జంటలు తగ్గాయి. రియాక్టరు నుండి వచ్చే మామూలు న్యూట్రాన్లు మోసం చేస్తున్నాయేమోనని తడి రంపపు పొట్టు బస్తాలు అడ్డు పేర్చారు. లెక్క మారలేదు. ఇంతకన్న గట్టి ఆడిట్ నేను చూడలేదు. 1956 జూన్ 14న పౌలీకి టెలిగ్రాం పంపారు.

తరువాత కోవన్ వాషింగ్టన్‌లోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, 1974 మే 24న 54వ ఏట కన్నుమూశారు. ఈ పనికి నోబెల్ బహుమతి 1995లో వచ్చింది. రైన్స్ అందుకున్నారు. మరణించిన వారికి ఇవ్వరు గనుక కోవన్‌కు భాగం లేకపోయింది.

ఇది చదివినప్పుడు నాకు ఒక సహోద్యోగి గుర్తుకు వచ్చాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన బకాయి, అతను పోయిన తరువాతనే మంజూరైంది. ఆ కాగితం అతని భార్యకు అందించినవాడిని నేనే. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆలస్యాన్ని నేను సమర్థించను. కాని చేసిన పని మాత్రం పోదు. చైనాలోని దయా బే వంటి తరువాతి రియాక్టరు ప్రయోగాలు కూడా ఆ జంట మెరుపుల పద్ధతితోనే న్యూట్రినోలను లెక్కించాయి. అది కోవన్ వ్రాసిపెట్టి వెళ్లిన పద్దు. దానిని ఎవరూ కొట్టివేయలేదు.