తూలని మనస్సు

మద్యమునకు అధిదేవతయగు బాకస్ కొలువులో వనకన్యలు, మేకకాళ్ల సాటిర్లు తప్పత్రాగి చిందులు త్రొక్కు దృశ్యములను యూరపు చిత్రకారులు పెక్కుమంది వ్రాసిరి. వారిలో అగ్రగణ్యుడైన నికొలా పూసాన్ మాత్రము గంభీరుడు, నియమశీలి. మైకమును చిత్రించువాడు మైకమున నుండనక్కరలేదనుటకు ఆతని జీవితమే నిదర్శనము.

పూసాన్ 1594లో ఫ్రాన్సు దేశమున, నార్మండీ సీమలోని లెజాండ్లీ పట్టణము చెంత జన్మించెను. యౌవనారంభమున పారిస్ చేరెను. అచట ఇటలీ కవి మరీనో ఆతని ప్రతిభను గుర్తించి, రోమను కవి ఓవిడ్ చెప్పిన పురాణగాథలకు చిత్రములు వ్రాయించుకొనెను. కలముతో సిరాగీత, కుంచెతో నీట పలుచన చేసిన సిరాపూత: ఇంతియే సామగ్రి. ఆ చిత్రములు నేడు ఇంగ్లండులోని విండ్సర్ రాజప్రాసాదమున నున్నవి.

1624లో పూసాన్ రోము చేరెను. మరుసటి యేడే మరీనో గతించెను. దిక్కులేని ఆ పరదేశి వ్యాధిగ్రస్తుడు కాగా, ఆ నగరమున నివసించు ఒక ఫ్రెంచి వంటవాని కుటుంబము పరిచర్యచేసి కాపాడెను. ఆ యింటి ఆడపడుచు ఆన్ మరీనే 1630లో ఆతడు పరిణయమాడెను.

రోములో టీషియన్ వ్రాసిన బాకస్ చిత్రములు ఆతనిని ముగ్ధుని చేసెను. 1636 ప్రాంతమున ఫ్రాన్సు మంత్రి రిష్లియూ కోరికపై 'పాన్ విజయోత్సవము' చిత్రించెను. దానికై ముందుగా వ్రాసికొన్న సిరాచిత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. మైనపు బొమ్మలను పెట్టెలో నమర్చి, వానిపై వెలుగునీడలు పడు తీరును పరీక్షించుట ఆతని అలవాటు. చూపరులకు అదుపు తప్పినట్లు తోచు ప్రతి అడుగును ఆతడు తూచి నిలిపినదే.

1640లో రాజాజ్ఞపై పారిస్ వెళ్లెను. ఆస్థానపు పనుల ఒత్తిడి, తోటివారి అసూయ సరిపడక 1642లో రోమునకు మరలివచ్చెను.

వార్ధక్యమున ఆతని చేయి వణకసాగెను. నాటి సిరాచిత్రములలో ఆ వణకు స్పష్టముగా కానవచ్చును. ఐనను కలమును విడువలేదు. 1664లో భార్య గతించెను. ఆ కాలముననే అపోలో, డాఫ్నీల చిత్రమును ముగింపజాలక, అసంపూర్ణముగనే మిత్రుడు మాసిమీకి ఇచ్చివేసెను. అదియు ఓవిడ్ చెప్పిన గాథయే! యౌవనమున నెచట ఆరంభించెనో, తుదకు అచటికే చేరెను. 1665 నవంబరు 19న రోములో కన్నుమూసెను.

తూలు పాదములను తొణకని చేతితో వ్రాసిన వానికి చివరకు చేయియే తూలెను. మనస్సు మాత్రము తూలలేదు.