తాడిపత్రి క్యాషియరు తీసిన మాయాబజార్

సినిమాల్లో మన సీమ ఎట్లుంటాదో మీకు నేను చెప్పల్సిన పని లేదు. సుమోలు గాల్లోకి లేస్తాయి, నాటుబాంబులు పడతాయి, ఒకడు తొడ కొడతాడు, ఇంగొకడు వేటకొడవలి తీస్తాడు. మాది ఆళ్లగడ్డ అని బయట ఊర్లలో చెప్తే చాలు, ఎదుటోడు ముందు నవ్వుతాడు, ఆ తర్వాత ఫ్యాక్షన్ గురించి అడుగుతాడు. నంద్యాల అని చెప్పినా అంతే. మన యాస కూడా తెర మీద విలన్ నోట్లోనో, కమెడియన్ నోట్లోనో వినపడతాది. హీరో మాట్లాడినా కోపమొచ్చినప్పుడు మాత్రమే మాట్లాడతాడు.

ఇది చూసి చూసి విసుగొచ్చింది. అందుకే మన పక్కూరాయన గురించి రాస్తాండా. నంద్యాల నుంచి బనగానపల్లె మీదుగా కిందికి పోతే తాడిపత్రి వస్తాది గదా, ఆయనది ఆ ఊరు. పేరు కదిరి వెంకటరెడ్డి. సినిమా వాళ్లకు కె.వి.రెడ్డి. పాతాళభైరవి, మాయాబజార్ తీసినాయన. తెలుగు సినిమాకు కత చెప్పే పద్ధతి నేర్పించినోళ్లలో ముందు వరసలో కూర్చోబెట్టాల్సిన మనిషి.

మనోడు అని జబ్బలు చరుచుకునేకి ఇది రాయడం లేదు. ఇంటిపేరు చూసి, కులం చూసి మురిసిపోయే జబ్బు మనకు ముందే ఎక్కువ. నాకు నచ్చింది ఆయన పని. ఆ పని ఎట్ల చేసినాడో తెలిస్తే, ఫోను పట్టుకుని రీల్స్, షార్ట్ ఫిల్ములు తీస్తాండే మన ఊర్ల పిల్లోళ్లకు అక్కరకొస్తాది.

ఆయన పుట్టింది 1912 జులై 1న. చిన్నప్పుడే నాయన పోయినాడు. మేనమామల అండతో పెరిగినాడు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి ఉంది, ఊర్లో చింతల వెంకటరమణుని గుడి ఉంది. రెండూ విజయనగర రాజుల కాలం నాటివి. గోడల మీద రాతిలో పురాణం కతలు చెక్కినారు. సదువు రానోడు కూడా ఆ గోడ పక్కన నడిచిపోతే కత అర్థమైతాది. ఆ ఊర్లో పెరిగిన పిల్లోడు పెద్దయినాక బొమ్మలతో కత చెప్పే పని పట్టుకున్నాడు.

సదువు కోసం మద్రాసు పోయి ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చేసినాడు. సినిమాల్లోకి మాత్రం డైరెక్టర్‌గా పోలేదు, నటుడిగా పోలేదు. రోహిణి పిక్చర్స్‌లో క్యాషియరుగా చేరినాడు. లెక్కలు రాసే పని. ఆ తర్వాత మన కడప జిల్లా పులివెందుల పక్క నుంచి వచ్చిన బి.ఎన్.రెడ్డి వాహినీ పిక్చర్స్ పెట్టినాడు. తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి దానికి డబ్బు పెట్టినాడు. మూలా, కె.వి.రెడ్డి చిన్ననాటి స్నేహితులు. వాహినీ తీసిన వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) సినిమాలకు కె.వి.రెడ్డి ప్రొడక్షన్ మేనేజర్.

ఆ పని ఏందో మన పల్లె లెక్కలో చెప్తా. పెండ్లింట్లో పందిరి కాడ నుంచి వంట చెరుకు దాకా ఒక్కడే చూసుకుంటాడు గదా, అట్లాంటి పని. ఎవరు ఎన్ని గంటలకు రావల్ల, ఎంత ఫిల్ము అయితాది, సెట్టు ఎన్ని దినాల్లో విప్పల్ల, అంతా అతని మీదే ఉంటాది. తెర మీద అతని ముఖం కనపడదు. గాని రూపాయి యాడ కారిపోతాదో అతనికి తెలిసినట్ల ఇంగెవరికీ తెలీదు. కె.వి.రెడ్డికి సినిమా బడి అదే. పైకి చూస్తే లెక్కల పని, లోపల మాత్రం కత ఎట్ల తయారైతాదో రోజూ దగ్గరుండి చూసే పని.

1943లో ఆయనకు మొదటి సినిమా దొరికింది. భక్త పోతన. నాగయ్య పోతన వేషం వేసినాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తాండే కాలం, ముడి ఫిల్ము దొరికేదే కష్టం. అట్లాంటప్పుడు తీసిన సినిమా ఊరూరా ఆడింది. 1947లో అదే నాగయ్యతో యోగి వేమన తీసినాడు. వేమన సమాధి కటారుపల్లెలో ఉందని మనందరికీ తెలుసు. సీమ మట్టిలో కలిసిన కవిని సీమలో పుట్టిన మనిషి తెర మీదికి తెచ్చినాడు.

1949లో గుణసుందరి కథ తీసినాడు. షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్ నాటకంలో ముసలి రాజు, ముగ్గురు కూతుర్లు ఉంటారు. ఆ ముక్క తీసుకుని మన జేజమ్మలు చెప్పే రాజు కతలాగ మార్చేసినాడు. ఇంగ్లండు వాసన యాడా తగలదు. 1954లో తీసిన పెద్దమనుషులు కూడా అంతే. నార్వే దేశపు నాటక రచయిత ఇబ్సెన్ రాసిన నాటకం నుంచి ఊపిరి తీసుకున్న కత అది. డి.వి.నరసరాజు మాటలు రాసినాడు. ఊర్లో అందరూ దండం పెట్టే మున్సిపల్ చైర్మన్, లోపల మాత్రం దొంగ పనులు. నిజం మాట్లాడేది తిక్క శంకరయ్య ఒక్కడే, ఆ వేషం రేలంగిది. పిచ్చోడని పేరు పడినోడు కాబట్టి ఎవరూ లెక్క చేయరు. ఆ సినిమాకు రాష్ట్రపతి వెండి పతకం వచ్చింది. డెబ్భై ఏండ్లు దాటింది గాని ఈ పొద్దు చూసినా మనకు తెలిసిన ముఖాలు నాలుగైదు గుర్తొస్తాయి. ఏ ఊరోళ్లకు ఆ ఊరి ముఖాలు.

ఈ రెండిటి నడుమ 1951లో పాతాళభైరవి వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థకు అది రెండో సినిమా. హీరో తోటరాముడు రాజకొడుకు కాదు, తోటమాలి కొడుకు. రాజకూతుర్ని ఇష్టపడినందుకు, నీకు ఆస్తి యాడుందని రాజు అడుగుతాడు. ఆ మాట మన ఊర్లలో ఎంతమంది పిల్లోళ్లు పడినారో లెక్కే లేదు. ఎన్టీఆర్‌ను జనం గుండెల్లో కూర్చోబెట్టింది ఆ తోటరాముడే. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు చేసినాక, తెలుగులో మాంత్రికుడంటే ఇట్లనే ఉండల్ల అన్నట్ల అయిపాయె. 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ సినిమా చూపించినారు.

ఇంగ ఆయన పని పద్ధతికి వస్తా. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు రాయి చెక్కేది మీరంతా చూసే ఉంటారు. ఉలి పట్టేకి ముందు రాయిని చుట్టూ తిరిగి చూస్తారు, కొలుస్తారు, గీత గీస్తారు. ఆ తర్వాతే దెబ్బ. ఎందుకంటే ఒక్క దెబ్బ తప్పు పడితే రాయి తిరిగి అతుక్కోదు. కె.వి.రెడ్డి పద్ధతి అట్లాంటిదే. కత మొత్తం, మాటలతో సహా, కాగితం మీద పూర్తి అయ్యేదాకా కెమెరా జోలికి పోయేవాడు కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంత సేపు వస్తాదో ముందే లెక్క కట్టేవాడని ఆయన దగ్గర పనిచేసినోళ్లు చెప్పినారు. క్యాషియరుగా నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికొచ్చింది. రూపాయిని లెక్కపెట్టినట్ల నిమిషాన్ని లెక్కపెట్టినాడు. ఆ నిమిషం తనది కాదు, టికెట్టు కొనుక్కుని నేల మీద కూర్చున్న మనిషిది అని ఆయనకు తెలుసని నా నమ్మకం.

ఆ లెక్క పండింది మాయాబజార్‌లో. 1957 మార్చి 27న వచ్చింది. మహాభారతం వాళ్ల కత, గాని పాండవులు ఒక్కరు కూడా తెర మీద కనపడరు. మూడు గంటల సినిమాలో వాళ్లు లేరే అని మనకు తోచను కూడా తోచదు. శశిరేఖ, అభిమన్యుల పెండ్లి కత వ్యాసుని భారతంలో లేదు, జనం నోట్లో, నాటకాల్లో బతికిన కత. దాన్ని పింగళి నాగేంద్రరావుతో రాయించి మనింటి పెండ్లి గొడవలాగ చేసినాడు. ఆస్తి పోయిన అల్లుడు వద్దు, డబ్బున్న సంబంధం కావల్ల అనే అత్త మామల యవ్వారం. ద్వారకలో జరిగినా, నంద్యాలలో జరిగినా అదే తంతు.

కంప్యూటర్ అనే మాటే తెలీని కాలంలో లడ్లు వాటంతట అవే ఘటోత్కచుని నోట్లోకి పోతాయి. కెమెరామెన్ మార్కస్ బార్‌ట్లీ చేసిన మాయ అది. పెట్టె తెరిస్తే ఇష్టమైన మనిషి కనపడే ప్రియదర్శిని ఉంది, ఈ పొద్దు మనం చేసే వీడియో కాల్ అదే గదా. అన్నిటికంటే నాకు ఇష్టమైంది సావిత్రి. శశిరేఖ రూపంలో ఉండేది ఘటోత్కచుడు అని తెలియాలంటే ఆడపిల్ల ఒంట్లో రాక్షసుని నడక రావల్ల. ఆమె రెండడుగులు వేస్తే చాలు, ఎస్.వి.రంగారావు కనపడతాడు.

అభిమానిని కాబట్టి అన్నీ మంచివే అని చెప్పను. మొగుడే దేవుడు అనే గుణసుందరి కథ నీతి మన కాలం ఆడపిల్లోళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చివరి ఏండ్లలో ఆయన లెక్క కూడా తప్పింది. 1961లో జగదేకవీరుని కథ బాగా ఆడింది గాని 1965లో సత్య హరిశ్చంద్ర ఆడలేదు. 1968లో ఉమాచండీ గౌరీశంకరుల కథ కూడా పోయింది. జనం రుచి మారింది. విజయా సంస్థకు పెద్ద పెద్ద హిట్లు ఇచ్చిన మనిషికి ఆ తర్వాత అక్కడ సినిమా లేదు. పరిశ్రమ అంటే అట్లనే ఉంటాది, గెలిచిన దినం లెక్క వేరు, ఓడిన దినం లెక్క వేరు. అప్పుడు ఎన్టీఆర్ తన సంస్థలో శ్రీకృష్ణసత్య ఆయన చేతికిచ్చినాడు. 1971లో వచ్చిన ఆ సినిమానే చివరిది. 1972 సెప్టెంబరు 15న ఆయన పోయినాడు. అరవై ఏండ్లు. ఇరవై ఎనిమిది ఏండ్లలో తెలుగులో తీసినవి 14 సినిమాలు.

ఆయన దగ్గర అసిస్టెంటుగా నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు ఆ తర్వాత ఒక్క మాట లేకుండా పుష్పక విమానం తీసినాడు, ఆదిత్య 369 తీసినాడు. కత్తి పట్టకుండా, తొడ కొట్టకుండా జనాన్ని కూర్చోబెట్టేది ఎట్లనో గురువు దగ్గర సూసినోడు గదా.

ఒక పని మాత్రం కె.వి.రెడ్డి చేయలేదు. ఆయన సినిమాల్లో మన యాస లేదు. తాడిపత్రి మనిషి తీసినా ఎవరూ యాడికి, ఎట్ల, శానా అని మాట్లాడరు. అది తప్పని నేను అనను. మద్రాసులో, ఆ కాలంలో, సినిమా మాట అంటే వేరేగా ఉండేది. ఇప్పుడు మనకు ఆ అడ్డు లేదు. ఫోను మన చేతిలోనే ఉంది, చూసేటోళ్లు అన్ని ఊర్లలోనూ ఉండారు. మన మాట మాట్లాడే తోటరాముడు, మన మాట మాట్లాడే శశిరేఖ ఇంగా పుట్టలేదు. వాళ్లను ఎవరో వచ్చి మనకోసం తీస్తారని కాచుకుంటే మళ్లా సుమోలే వస్తాయి.

కాబట్టి ఈ ఆదివారం డేటా మిగిలితే పెద్దమనుషులు చూడండి. తర్వాత పాతాళభైరవి, దాని తర్వాత మాయాబజార్. మొదటిసారి కత కోసం చూడండి. రెండోసారి ఏ సీను ఎన్ని నిమిషాలుందో ఫోన్లో టైమర్ పెట్టి రాసుకోండి. యాడ కోసినాడు, యాడ ఆపినాడు అనేది అప్పుడు తెలుస్తాది. ఆ తర్వాత మీ షార్ట్ ఫిల్ము కతను ముందు కాగితం మీద మొత్తం రాయండి, మన ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. రాసినాక కెమెరా తీయండి.