తమాషాలో మొదటి దండం మార్చిన అన్నాభావు సాఠే

తమాషా ఆడింది ఎక్కువగా మహర్లు, మాంగులు. ఆట చూసి ఆనందించిన పై కులాలే ఆడినవాళ్లను వెలివాడలో ఉంచాయి. ఆ ఆటనే పోరాట ఆయుధం చేసినవారు అన్నాభావు సాఠే.

1920 ఆగస్టు 1న సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో మాంగు కుటుంబంలో పుట్టారు. బ్రిటిష్ పాలన నేరస్థ ముద్ర వేసిన కులమది. బడికి వెళ్లింది ఒకటిన్నర రోజే. కాలినడకన ముంబై చేరి, మిల్లు కార్మికుడై, కమ్యూనిస్టు అయ్యారు. 1944లో అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథక్ స్థాపించారు. బెంగాల్ కరువుపై పొవాడా కట్టారు.

తమాషా గణపతి స్తుతితో మొదలవుతుంది. తర్వాత కృష్ణుడు, గొల్లభామల సరసం. అన్నాభావు గణపతి స్థానంలో మాతృభూమికి, అమరులకు, శ్రామికులకు దండం పెట్టించారు. గొల్లభామల ఘట్టాన్ని తీసేశారు. ఈ రూపమే లోకనాట్యం. సర్కారు నిషేధించినా ఆట ఆగలేదు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ముంబై ఎవరిదనే ప్రశ్ననూ వేదికెక్కించారు.

1958లో ముంబైలో తొలి దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభించారు. 'ఫకీరా' నవలను అంబేడ్కర్‌కు అంకితమిచ్చారు. 1969 జూలై 18న పేదరికంలోనే కన్నుమూశారు.

ఆయనది ఎర్రజెండానా, నీలిజెండానా అని నేటికీ వాదించుకుంటున్నాం. మాకు మాత్రం ఆయన వదిలిన ప్రశ్నే ముఖ్యం. మన డప్పు, మన పాట, మన ఆట మొదటి దండం ఎవరికి పెడుతున్నాయి?