మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర

తొమ్మిదో తరగతిలో ఉండగా మన సార్లు మమ్మల్ని కరీంనగర్ నుంచి సిద్దిపేట మీదుగా మెదక్ విహారయాత్రకు తీసుకెళ్లారు. చర్చి గోపురం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. సివిల్ ఇంజనీరు కావాలన్న కోరిక ఆ రోజే పుట్టింది. దాన్ని కట్టించిన మనిషి గురించి మాత్రం చాలా ఏళ్ల తర్వాతే తెలుసుకున్నాను.

చార్లెస్ వాకర్ పోస్నెట్ 1870లో పుట్టారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895లో సికింద్రాబాద్ వచ్చారు. మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశారు. ఆ పనిలో తృప్తి దొరకక, గుర్రమెక్కి పల్లెల దారి పట్టి మెదక్ చేరారు. కాలక్రమంలో అక్కడి మిషన్ ప్రాంగణంలో బడి, ఆసుపత్రి వెలిశాయి. అదే మిషన్ మన కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్ వైపు లక్సెట్టిపేటలోనూ పనిచేసింది.

చర్చి పని 1914లో మొదలైంది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం, ఇక్కడేమో కరువు. ఊరికే పంచిపెట్టకుండా పని కల్పించి, కూలికి తిండి పెట్టించారని మెదక్ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్లపాటు సాగిన పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది.

నమూనా ఇంగ్లండులోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థది. కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175 అడుగులు. కిటికీల రంగుటద్దాలు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. వాటి అందం పగటి ఎండలోనే తెలుస్తుంది. చీకటి పడితే అవి నల్లని పలకలే. పోస్నెట్ 1950లో కన్నుమూశారు. గోపురం మాత్రం వందేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న పూర్వ విద్యార్థుల సమావేశంలో మన పాత పెంకుల గదుల గురించి నన్ను అడిగారు. చూసొచ్చి, కూల్చేయడమే చవక అని చెప్పాను. లెక్క తప్పు కాదు. కానీ ఆ తర్వాత పనిమీద వెళ్తూ మెదక్‌లో ఆగాను. కరువు రోజుల్లో రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల మనవలు, మునిమనవలు మాత్రం ఆ గోడలను చూపించి మావాళ్లు కట్టిందే అంటారు. మన గదులకూ ఊరివాళ్లే ఇటుకలు మోశారు. ఆ సంగతి నా అంచనాలో లేదు.

అందుకే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాసాలు మార్చి, పెంకులు తిరగనేయిస్తే ఆ గదులు ఇంకో తరానికి పనికొస్తాయి. కొత్త అంచనా నేనే ఉచితంగా వేసిస్తాను, పని దగ్గర నిలబడతాను. మిగతాది మనందరి చేతుల్లో ఉంది.